చక్రాల కుర్చీ నెట్టిన ఆదివారం

పుట్టబోయే పిల్లల ప్రాణాల కోసం మన వైపు పెద్ద ప్రదర్శన జరగబోతోందని, వాలంటీర్లు కావాలంటున్నారని మా ఆవిడ చెప్పినప్పుడు నేను ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. తను పనిచేసే ప్రభుత్వ కార్యాలయంలో పక్క సీటావిడ చర్చికి వెళ్తుంది, ఆవిడ ద్వారా తెలిసిందట. వెళ్దామా అని అడగలేదు. తన పేరు ఇచ్చేశానని, నా పేరు కూడా ఇవ్వనా అని మాత్రం అడిగింది. ఇవ్వమన్నాను. ఆ విషయంలో తనను కాదనే అర్హత నాకు లేదని అప్పట్లో అనుకునేవాణ్ణి.

ఎందుకో చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు, పెళ్లయిన ఆరేళ్లకు, మాకు ఒక పాప పుట్టింది. ఐదో నెల స్కానింగ్‌లోనే గుండె ఒకవైపు సరిగా ఏర్పడలేదని తేలింది. డాక్టరమ్మ మమ్మల్ని తొందరపెట్టలేదు. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. పుట్టాక ఆపరేషన్లు పడవచ్చు, అయినా దక్కకపోవచ్చు, వద్దనుకుంటే చట్టప్రకారం ఇంకా వ్యవధి ఉంది, ఇద్దరూ మాట్లాడుకుని రండి అంది. నేను కారు పార్కింగులోనే నా నిర్ణయం చెప్పేశాను.

"బాధపడ్డానికి దాన్ని భూమ్మీదికి తేవడం ఎందుకు?" అన్నాను.

ఆ మాట ప్రేమతోనే అన్నానని ఇప్పటికీ నా నమ్మకం. మా ఆవిడ సీటు బెల్టు పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నాలుగో రోజు పొద్దున కాఫీ నా చేతికిస్తూ, కంటానని చెప్పింది. నేను వాదించాను. మా అమ్మ చేత ఫోను చేయించాను. వాదించడం మానేశాక మాట్లాడటమే తగ్గించేశాను.

పాప పందొమ్మిది రోజులు ఉంది. చెవుల మీద కూడా మెత్తటి నూగు ఉండేది. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంటు నుంచి రోజూ తల్లిపాలు చిన్న సీసాలో పట్టుకుని, ఐసు పెట్టిన డబ్బాలో ఆసుపత్రికి తీసుకెళ్లడం నా పని. ఒకరోజు నర్సు నన్ను కుర్చీలో వెనక్కి వాలమని, చొక్కా గుండీలు విప్పించి, తీగలతో సహా పాపను నా ఛాతీ మీద పడుకోబెట్టింది. గంటసేపు కదల్లేదు నేను. ఆఫీసు నుంచి ఫోను మోగుతూనే ఉంది. పాప నోరు తెరుచుకుని, నా చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని నిద్రపోయింది.

తర్వాత మా ఇంట్లో ఆ పందొమ్మిది రోజుల గురించి ఎవరం మాట్లాడలేదు. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ప్రదర్శనకు ముందురోజు శనివారం ఒక చర్చి హాల్లో అట్టల మీద నినాదాలు రాసే పని పెట్టుకున్నారు. నా దస్తూరి బాగుంటుందని మా ఆవిడ అందరికీ చెప్పేసింది. నన్ను కింద కూర్చోబెట్టి బ్రష్ ఇచ్చారు. రిటైరైన ఒక పెద్దాయన, కడుపులోని బిడ్డను తీయించుకోవడం హత్యేనని పెద్ద అక్షరాలతో రాయమన్నారు. నేను బ్రష్ రంగులో ముంచాను. మా ఆవిడ వచ్చి నా పక్కన కూర్చుంది.

"రేపు రోడ్డు పక్కన నిలబడి చదివేవాళ్లలో అలా చేయించుకుని ఏడ్చినవాళ్లు కూడా ఉంటారండి. వాళ్లను తిట్టడానికి నేను రాలేదు" అంది ఆయనతో.

పెద్దాయన కాసేపు నొచ్చుకున్నారు. తర్వాత ఏం రాయాలో ఆవిడనే చెప్పమన్నారు. తను చెప్పినట్టే 'తల్లికి తోడుందాం, బిడ్డను నిలుపుకుందాం' అని రాశాను. అట్టలు అయిపోయేదాకా అదే రాశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకే రాయదుర్గం మెట్రో దగ్గరికి చేరాం. అంత జనం వస్తారని నేను అనుకోలేదు. కాన్వెంటు సిస్టర్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, కాలేజీ పిల్లలు, బొట్టు పెట్టుకున్న మావంటి కుటుంబాలు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు. పది గంటల లోపల రోడ్డు ఖాళీ చేయాలని పోలీసులు షరతు పెట్టారు. మా ఆవిడను నీళ్ల బండి దగ్గర వేశారు. నాకు ఒక చక్రాల కుర్చీ అప్పగించారు.

కుర్చీలో ఉన్నది ఖాజాగూడ పాత ఊరి ముసలమ్మ. మోకాళ్ల ఆపరేషన్ అయి నెల కాలేదు. నర్సుగా పనిచేసే మనవరాలు వద్దన్నా వినకుండా బయల్దేరిందట. ఈ అద్దాల మేడలు రాకముందు ఆవిడ మంత్రసాని. దవాఖానకు పోయే దారి సరిగా లేని రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ల కాన్పులన్నీ తనే చేసేదాన్నని చెప్పింది. ఇక్కడో పురుడు, అక్కడో పురుడు అని కంపెనీల గేట్లకేసి చేయి చూపిస్తూ వచ్చింది.

బయోడైవర్సిటీ కూడలి దగ్గర జనం ఆగింది. బస్‌స్టాప్‌లో ఆఫీసు ట్యాగ్ వేసుకున్న ఒక అమ్మాయి నా మెడలో వేలాడుతున్న అట్ట చదివి, నేరుగా నన్నే అడిగింది. గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

"కనేది మేము, ఉద్యోగం పోయేది మాకు, పెంచేది మేము. మీకేం తెలుసండి?"

మీరన్నది నిజమేనండి అన్నాను. ఆ అమ్మాయి బస్సు రాగానే ఎక్కి వెళ్లిపోయింది. నేను మళ్లీ కుర్చీ నెట్టడం మొదలుపెట్టాను. ముసలమ్మ అంతా వింది. కొంత దూరం పోయాక తల తిప్పకుండానే అడిగింది.

"నీకు పిల్లలెందరు బిడ్డా?"

ఆ ప్రశ్నకు రెండేళ్లుగా నా దగ్గర ఒకటే జవాబు, ఇంకా లేరండి అని. ఆ రోజు అది నోట్లోంచి రాలేదు.

"ఒక పాపమ్మా. పందొమ్మిది రోజులు ఉంది."

"ఏం పేరు పెట్టిన్రు?"

చెప్పాను. ఆసుపత్రి కాగితాల్లో తప్ప ఎక్కడా వాడని పేరు. ఆవిడ దాన్ని తన యాసలో ఒకసారి మెల్లగా పలికింది. అంతే, నేను మొత్తం చెప్పేశాను. కుర్చీ నెడుతూ, ఆవిడ నెరిసిన జుట్టు చూస్తూ, స్కానింగ్ సంగతి, పార్కింగులో నేనన్న మాట, మా అమ్మ చేత చేయించిన ఫోను, అన్నీ.

"వద్దన్నది నేనేనమ్మా. ఇప్పుడు ఈ అట్ట మెడలో వేసుకుని నడుస్తున్నాను" అన్నాను.

"గట్లన్న మొగోళ్లను మస్తు చూసిన. భయమైతది గద. పుట్టినంక ఎత్తుకున్నవా లేదా?"

"ఎత్తుకున్నాను."

"ఎత్తుకున్నవు గద. పోరికి గదే తెలుస్తది. నువ్వు ముందుగాల ఏమన్నవో దానికేం తెలుసు. జర కుర్చీ పక్కకు ఆపు, ముఖం తుడుచుకో."

రోడ్డు పక్కన ఆపి ముఖం తుడుచుకున్నాను. మా వెనక వస్తున్న సిస్టర్లు ఏమీ అడక్కుండా పక్కనుంచి సాగిపోయారు. ఆవిడ తన కొంగుకు కట్టుకున్న సోంపు రెండు పలుకులు తీసి నా చేతిలో పెట్టింది.

ఖాజాగూడ చెరువు దగ్గరి మైదానంలో ప్రసంగాలు అయ్యేసరికి ఎండ ముదిరింది. ముసలమ్మను మనవరాలికి అప్పగించి, ఖాళీ నీళ్ల సీసాలు ఏరి సంచుల్లో నింపి, మేమిద్దరం ఒక టిఫిన్ సెంటర్‌లో కూర్చున్నాం. ముసలమ్మతో ఏం మాట్లాడానో మా ఆవిడకు చెప్పాను. పార్కింగులో అన్న మాటకు క్షమాపణ కూడా అడిగాను. రెండేళ్లలో అదే మొదటిసారి. తను ఇడ్లీ తుంచి సాంబారులో ముంచింది.

"స్కానింగ్ అయిన మూడో రోజు నేనొక్కదాన్నే ఆసుపత్రికి వెళ్లానండి. తీయించేసుకుందామని. టోకెన్ కూడా తీసుకున్నాను" అంది.

మరి ఎందుకు వచ్చేశావని అడిగాను.

"నా నంబరు పిలిచేలోపు లోపల తన్నింది. భయమేసి వెళ్లాను, భయమేసే వచ్చేశాను. మీరనుకునేంత ధైర్యం నాకేం లేదండి."

ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, నేను అడగలేదంది. నిజమే, అడగలేదు. తను గట్టి మనిషని, నేను పిరికివాణ్ణని నాకు నేనే తీర్మానించుకుని, పక్కనే కూర్చుని దూరంగా బతికాను. ఆ మూడో రోజు నేను ఆఫీసులో ఉన్నాను. తను ఆసుపత్రి బెంచీ మీద ఒక్కతే ఉంది. నేను కుర్చీ జరుపుకుని తన పక్కకు వెళ్లి కూర్చున్నాను. సర్వర్ వచ్చి ఇంకేం కావాలని రెండుసార్లు అడిగాడు. పాప ముక్కు ఎవరిదన్న దగ్గర మొదలైన మాటలు మధ్యాహ్నం దాకా సాగాయి. ముక్కు మా అమ్మదే అంటాను నేను, తను ఇప్పటికీ ఒప్పుకోదు.

ఆ వారంలోనే ఫోన్లో ఉన్న ఫోటోల్లోంచి ఒకటి ప్రింటు తీయించి హాల్లో పెట్టాం. ఇంటికి వచ్చినవాళ్లు ఎవరీ పాప అని అడుగుతుంటారు. ఆ సమయానికి ఇద్దరిలో ఎవరు దగ్గరుంటే వాళ్లం చెబుతున్నాం.