కొండవైపా, రోడ్డువైపా

మొన్న మా బాత్‌రూములో షవర్ పాడైతే మా అబ్బాయి ఒక ప్లంబర్‌ని పంపించాడు. అతను గోడలోంచి పాతదాన్ని ఊడదీసి, అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "అమ్మగారూ, కొత్తది ఏ రకం తెమ్మంటారండి? షవరూ కింద పంపూ రెండిట్లో ఏదో ఒకటే వచ్చేదా, రెండూ ఒకేసారి వచ్చేదా?" అని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. రాజమండ్రిలో ఏ కొట్టుకి వెళ్ళినా రెండూ దొరుకుతాయట. నేను మాత్రం జవాబు చెప్పకుండా, "కాఫీ తాగుతావా నాయనా" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. సరిగ్గా ఇదే ప్రశ్న ఇదే ఊళ్ళో నేను ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు నాకు పెళ్ళయి నాలుగైదేళ్ళు. అడిగినవాడు పైపుల కొట్టు షావుకారు, జవాబు చెప్పినవారు మా మావగారు. ఆ జవాబుతో మేం చాలా ఏళ్ళు కాపురం చేశాం.

గోదావరి జిల్లా అనగానే అందరూ కాలవలూ వరిచేలూ అనుకుంటారు. మా అత్తవారి ఊరికి ఆ వైభోగం లేదు. కోరుకొండ కొండ కనిపించే దూరంలో ఉన్న మెట్ట ఊరు అది, బోరు నీళ్ళే దిక్కు. పాలకొల్లులో పుట్టి, వీధి చివర కాలవ చూస్తూ పెరిగిన నాకు, నీళ్ళ కోసం ముందు కరెంటు కోసం ఎదురుచూడాలన్న సంగతి అక్కడికి వెళ్ళాకే తెలిసింది. ఎనభైల మొదట్లో మా ఆయనా, వాళ్ళ అన్నగారూ వేరుపడ్డారు. ఇంటి పెరట్లో ఒక గోడ లేచింది. పొలంలో మెరకవైపు ముక్క మా బావగారికి, పల్లంవైపు ముక్క మాకు వచ్చాయి. వాళ్ళు అరటి వేశారు, మేం దొండపందిరి వేశాం. కంచాల దగ్గర్నుంచి కొబ్బరిచెట్ల దాకా అన్నీ చక్కగా పంచిన మావగారికి బోరు దగ్గరకి వచ్చేటప్పటికి చెయ్యి ఆడలేదు. బోరు ఒక్కటే, మోటారు ఒక్కటే. "అది ఉమ్మడి. రోజు విడిచి రోజు వాడుకోండి" అన్నారు.

చెప్పినంత తేలిగ్గా అయితే ఇంక కావలసిందేముంది. మోటారు నీళ్ళు ఒక తొట్టిలో పడి, అక్కణ్ణించి రెండు బోదెల్లోకి, అంటే పిల్లకాలవల్లోకి, చీలేవి. ఎవరి వంతు రోజున వాళ్ళు రెండో బోదెకి మట్టితో అడ్డం కట్టుకోవాలి. ఆ మట్టికట్టని ఎండ్రకాయ తొలిచినా, గేదె తొక్కినా, అనుమానం మాత్రం మనిషి మీదికే పోయేది. "కట్ట తెగిందా, తెంచారా?" అని మా ఆయన గోడకి ఇవతల నుంచి అడిగితే, "తెంచే అలవాటు మాకు లేదు" అని గోడకి అవతల నుంచి వచ్చేది. అలా అలా అన్నదమ్ముల మధ్య అవసరమైన మాటలే మిగిలాయి. కొన్నాళ్ళకి అవీ తగ్గాయి. చివరికి మావగారు విసిగిపోయి, మట్టిని నమ్ముకుంటే ఇంతేనని, ఇనుముని నమ్ముకుందామని రాజమండ్రి బయలుదేరారు. నాకు పుట్టింట్లో పెళ్ళికి చీర కొనుక్కోవాల్సి ఉండి నేనూ, మా ఆయనా వెంట వెళ్ళాం. చీర సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు లేదు, నాకు తప్ప.

ఆ కొట్టునిండా పైపులూ, మోటార్లూ, గ్రీజు వాసనా. షావుకారుగారు తెల్లటి లాల్చీ మీద మరక పడకుండా పోత ఇనుప సామాను ఎలా ఎత్తి దించేవారో నాకిప్పటికీ అర్థం కాదు. మావగారు చెప్పిందంతా విని ఆయన బల్ల మీద రెండు వాల్వులు పెట్టారు. పైకి చూస్తే కవల పిల్లలు. రెండిటికీ మూడు మూతులు, నెత్తిన ఒక హ్యాండిల్. ఆయన మరలు విప్పి లోపలి ఇత్తడి దిమ్మల్ని బయటికి తీశారు. తేడా అంతా అక్కడుంది. ఒకదాంట్లో రంధ్రం మోచెయ్యిలా ఒక్క వంపు తిరిగి ఉంది. రెండోదాంట్లో మూడు వైపులకీ దారి ఉంది. "ఇదండీ, నీళ్ళు ఇటైనా వెళ్తాయి, అటైనా వెళ్తాయి. రెండువైపులా ఒకేసారి వెళ్ళవు. ఈ రెండోదైతే ఇటు, అటు, కావాలంటే ఇద్దరికీ. మీకేది కావాలండి?" అని అడిగారు.

మావగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇద్దరికీ ఒకేసారి నీళ్ళంటే ఇద్దరికీ ఒకేసారి తగాదా. ఆ మొదటిదే ఇవ్వండి" అన్నారు. షావుకారుగారు దిమ్మ నెత్తిన ఉన్న గీత చూపించి, హ్యాండిల్‌ని ఎవరైనా విప్పి అడ్డదిడ్డంగా బిగించవచ్చు గనక గీతనే నమ్మమన్నారు. మీ బోరు నీళ్ళల్లో ఇసుక వస్తుంది కదా, అప్పుడప్పుడు విప్పి తుడిచి గ్రీజు రాయకపోతే ఇత్తడి గీసుకుపోయి కారుతుందన్నారు. పైపు సైజుకి తగ్గ వాల్వే తీసుకోవాలి, డబ్బు కలిసొస్తుందని చిన్నది బిగిస్తే మోటారు ఆయాసపడుతుందన్నారు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒక్కటి. "మోటారు ఆపాకే తిప్పాలండి. తిరుగుతుండగా తిప్పారంటే మధ్యలో రెండు దార్లూ మూసుకుపోతాయి. అప్పుడు నీళ్ళెక్కడికి పోతాయి? పైపునే పగలగొట్టుకుని వస్తాయి."

వాల్వు బిగించి, బోదెల బదులు రెండువైపులా పైపులు వేయించి, హ్యాండిల్‌కి ఎర్రరంగు కొట్టించారు మావగారు. హ్యాండిల్ కొండవైపు ఉంటే బావగారి వంతు, రోడ్డువైపు ఉంటే మా వంతు. రెండిళ్ళ వంటింటి గుమ్మాల్లోంచీ అది కనిపించేది. పొద్దున్నే పాలు కాచుకుంటూ నేనొకసారి చూసేదాన్ని, గోడకి అవతల మా తోడికోడలు చూసేది. ఆవిడని నేను అక్కా అని పిలిచేదాన్ని. మగవాళ్ళు మానేసినా మేం మాత్రం గోడమీదనుంచి కూరలు ఇచ్చిపుచ్చుకోవడం మానలేదు. నిజం చెప్పొద్దూ, మావగారి వాల్వు తగాదాలు మాన్పించింది. ఎవరూ ఎవర్నీ అనడానికి లేదు, హ్యాండిలే సాక్ష్యం. కాకపోతే తగాదాతో పాటు మిగిలిన నాలుగు మాటలు కూడా పోయాయి. రోజూ ఒకరి తర్వాత ఒకరు అదే ఇనుముని పట్టుకునే అన్నదమ్ములు ఒకరికొకరు ఎదురుపడేవారే కాదు.

ఇక్కడ మా బావగారి గురించి ఒక ముక్క చెప్పాలి. తమ్ముడి భార్యతో నేరుగా మాట్లాడకూడదన్నది అప్పట్లో మా అత్తవారింటి మర్యాద. కలిసున్న రోజుల్లో కూడా నేను ఎదురుగా నిలబడి ఉంటే, ఆయన అక్కతో "కాఫీలో పంచదార తక్కువైందని చెప్పు" అనేవారు. అక్క నావైపు తిరిగి అదే మాట మళ్ళీ చెప్పేది. నేను "తెస్తున్నానని చెప్పక్కా" అనేదాన్ని. అక్క ఆయనవైపు తిరిగేది. మూరెడు దూరంలో ఉన్న ముగ్గురి మధ్య ఈ టపా ఏళ్ళ తరబడి నడిచింది.

ఒక వేసవిలో మా ఆయనకి కామెర్లు వచ్చాయి. పసర్లూ పత్యాలూ అయ్యాక, పరిస్థితి చెయ్యి దాటేటట్టుందని కాకినాడ ఆసుపత్రిలో చేర్పించాం. నేను మంచం పక్కనే. దొండపాదులు అప్పుడప్పుడే పందిరికి ఎగబాకుతున్నాయి. ఆ ఎండల్లో వంతు తప్పకుండా తడపకపోతే మాడిపోతాయి. ఆ ఏడు మాకున్న పంట అదొక్కటే, ఆసుపత్రి నుంచి ఇంటికెళ్ళాక తినాల్సింది కూడా దానిమీదే. మావగారికి మోకాళ్ళ నొప్పులు, మోటారు షెడ్డు దాకా నడవలేరు. పోనీ కూలిమనిషిని పెడదామంటే వేళాపాళా లేని కరెంటు కోసం ఎవరు కాపలా కాస్తారు? బావగారిని అడగమని మా ఆయనతో అందామనుకున్నాను. ఆ పసుపుపచ్చ మొహం చూసి నోరు రాలేదు. పాదుల మీద ఆశ వదిలేసుకున్నాను.

కాస్త నెమ్మదించాక, బట్టలు తెచ్చుకుందామని ఊరికి వెళ్ళాను. బస్సు దిగి రోడ్డుమీంచే చూశాను. పందిరి పచ్చగా ఉంది. సంతోషించడానికి వ్యవధి లేదు. మోటారు చప్పుడు వినిపిస్తోంది, ఎర్ర హ్యాండిల్ రోడ్డువైపు ఉంది. ఆ రోజు కొండవైపు వంతు. ఎవరో మా పేరు చెప్పి బావగారి నీళ్ళు తిప్పేశారనుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ "తెంచారా" అనే మాట వస్తుందనుకున్నాను. చేతిలో సంచీ గట్టుమీద పడేసి, పరుగెత్తుకెళ్ళి హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకుని కొండవైపుకి తోశాను. మోటారు ఆపాలన్న సంగతి హ్యాండిల్ సగం తిరిగాక గుర్తొచ్చింది. పైపు ధనామని ఒక్క గంతు వేసింది. అతుకు ఊడి నీళ్ళు నా మొహానికి కొట్టాయి. అరటి గెల భుజాన వేసుకుని వస్తున్న బావగారు ఆ గెలని అక్కడే వదిలేసి, "మోటారు ఆపమ్మా! ముందు మోటారు ఆపు!" అని కేకపెట్టారు. ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

మోటారు ఆపి బయటికి వచ్చేసరికి అక్క కూడా వచ్చింది. ముగ్గురం నిలబడ్డాం, నేను తడిసి ముద్దయి. బావగారికి మర్యాద గుర్తొచ్చింది. కొండవైపు చూస్తూ, "తిప్పింది నేనేనని చెప్పు" అన్నారు. అక్క చెప్పింది. "మీ వంతు రోజున మాకెందుకు తిప్పారని అడుగక్కా" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ. ఆయన అక్క అడిగేదాకా ఆగి, "కరెంటు బొత్తిగా ఉండటం లేదని చెప్పు. ఉన్న కాసేపూ ఒకవైపే ఇవ్వగలం. నీళ్ళు చాలకపోతే అరటికి గెల చిన్నదవుతుంది. దొండపాదు చచ్చిపోతుంది. చిన్న గెలైనా అమ్ముకోవచ్చు" అన్నారు. అంతే, లెక్క చెప్పినట్టు చెప్పేసి వదిలేసిన గెల తెచ్చుకోవడానికి వెళ్ళారు. అది నిజంగానే చిన్న గెల. అప్పుడు నాకు కోపం వచ్చింది, బావగారి మీద కాదు, ఆ వాల్వు మీద. ఇద్దరికీ ఇచ్చే దారి దానికి ఉంటే ఆయన తన తోటని ఎండబెట్టుకోవలసిన పనే లేదు.

అదే మాట మావగారితో అన్నాను. ఆయన "ఆ రెండోది తెచ్చుకోండి" అన్నారు. నేనూ అక్కా బస్సెక్కి అదే కొట్టుకి వెళ్ళాం. షావుకారుగారు నవ్వకుండా మూడు దార్ల దిమ్మ చూపించి, "ఇద్దరికీ వదిలినప్పుడు నీళ్ళు పల్లంవైపే ఎక్కువ వెళ్ళిపోతాయండి. ఆ పైపుకి ఒక గేటు వాల్వు వేసి కొంచెం బిగించుకుంటే సమానమవుతుంది" అన్నారు. కొత్త వాల్వు తెచ్చి పాత ఎర్ర హ్యాండిల్‌తోనే వేయించాం, గేటు వాల్వు సంగతి అక్క బావగారికి చెప్పింది. "వద్దని చెప్పు. తిప్పేవి ఎక్కువైనకొద్దీ తిప్పేవాళ్ళు ఎక్కువవుతారు" అన్నారాయన. పల్లం మాది. ఎక్కువ వచ్చేది మాకే. ఇది విన్న మా ఆయన, ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగడుగులు వేయగలిగాక, ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి వెళ్ళి గేటు వాల్వు తెచ్చి, మా పైపుకి తనే బిగించి, తనే సగం మూసేశారు. మర్నాడు పొద్దున్న చూస్తే ఎర్ర హ్యాండిల్ కొండకీ రోడ్డుకీ మధ్యలో ఉంది, మోటారు షెడ్డు దగ్గర అన్నదమ్ములిద్దరూ గట్టుమీద కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో మా గుమ్మాల దాకా వినిపించలేదు.

అక్క చనిపోయిన ఏడాది బావగారు కంటి ఆపరేషన్‌కని రాజమండ్రి వచ్చి మా ఫ్లాటులో కొన్నాళ్ళున్నారు. ఒక పొద్దున్న నేను పంపు తిప్పి బిందె పెడుతుంటే, కంటికి కట్టుతో కుర్చీలో కూర్చున్న మనిషి నావైపు తిరిగి, "ఇక్కడ నీళ్ళు సరిగ్గా వస్తున్నాయామ్మా?" అని అడిగారు. "చెప్పు" అనలేదు. ఎవరికి చెప్పమంటారు? నేను "వస్తున్నాయండీ" అని, బిందె నిండిపోయి పొర్లుతున్నా పంపు కట్టడం మర్చిపోయి అక్కడే నిలబడ్డాను.

ప్లంబర్‌కి కాఫీ ఇచ్చి, "రెండూ ఒకేసారి వచ్చేదే తీసుకురా" అన్నాను. "రెండూ వదిలితే ధార తగ్గుతుందండి" అన్నాడు. తగ్గనీ అన్నాను. సాయంత్రానికి బిగించి, తిప్పి చూపించి వెళ్ళాడు. ఆ రోజుల్లో నీళ్ళకే కరువు, "చెప్పు" అంటే చెప్పడానికి మధ్యలో ఎప్పుడూ ఒక మనిషి ఉండేది. ఇప్పుడు ఎటు తిప్పినా నీళ్ళొస్తున్నాయి, మా అక్కే లేదు.