వాన వెలిసేదాకా

నిన్న మా వేసవి సంగీతోత్సవంలో కచేరీ మధ్యలో వాన పట్టుకుంది.

అమ్మ ఈ ఉత్సవాన్ని మొదలుపెట్టింది డెలానీపూర్‌లో, మా క్వార్టర్స్ ముందుగదిలో. తను వీణ, పక్కింటి మాస్టారు వయొలిన్, వినేవాళ్లు పదిమంది. రేకుల కప్పు మీద వాన పడగానే, ఆ హోరులో ఏమీ వినిపించక వాయించడం ఆపేసేవారు. వాన చేతిలో అమ్మ ఓడిపోయిందనుకుని నాకు ఏడుపొచ్చేది.

"దీదీ, వానకీ ఒక శాలువా కప్పండి!" అని మాస్టారు అమ్మను నవ్వించేవారు.

"మైకు తెప్పించమ్మా," అన్నాను ఒకసారి.

"ఎందుకే? వెలిసేదాకా కూర్చుందాం." అమ్మ వీణ పక్కన పెట్టి నన్ను ఒళ్లోకి లాక్కుంది.

అమ్మ పోయాక, జనం పెరిగి హాలుకు మారినప్పుడు, మైకులు పెట్టించింది నేనే. నిన్న వానలోనూ పాట చక్కగా వినిపించింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక్కసారైనా ఆపుతారేమోనని నేను చివరిదాకా ఎదురుచూశాను.