టీటీకి వేసిన ముడి

నా వల్ల పోయిన ఒక ప్రాణానికి నా భార్య పద్మ ఏళ్ల తరబడి తనను తాను నిందించుకుంటోంది. నేను చూస్తూ ఊరుకున్నాను. ఈ బరువు ఎవరి ముందూ దించలేదు. మీకు చెబుతున్నాను.

మాకో కుక్క ఉండేది. గుమ్మంలోకి ఎవరొచ్చినా సంచీ వాసన చూడనిదే లోపలికి వదిలేది కాదు. అందుకే పద్మ దానికి, రైల్లో టికెట్లు తనిఖీ చేసేవాళ్లలా టీటీ అని పేరు పెట్టింది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు అలాంటి పేర్లే తోస్తాయి.

ఒక శీతాకాలం అడవి అంచున గుడారాల్లో ఉండి రావాలనుకున్నాం. కుక్కను రానిస్తారో లేదో కనుక్కోమంది. ఆ గుడారాలవాళ్లకు ఫోన్ చేశాను. అవతలి మనిషి నా మాట పూర్తికాకుండానే "హోల్డ్ కరో" అన్నాడు. మా తాతగారి వాకిట్లో ఆయన నోటి మాట కోసం జనం ఎండలో నిలబడేవారట. ఆ ఇల్లు పోయింది, భూములు పోయాయి, ఆ వాకిలి మాత్రం నా తలలో మిగిలింది. ఎవడో నన్ను ఆగమంటాడా? ఫోన్ పెట్టేశాను. మళ్లీ చెయ్యలేదు.

"ఏటండీ, అడిగేరా?" అంది పద్మ.

"అడిగాను. తెచ్చుకోమన్నారు."

"నిజంగానా? కాదంటే దయాల్‌బంద్‌లో మా చెల్లి దగ్గర ఉంచీసి వస్తాను."

"చెప్పాను కదా."

"అచ్ఛా! అయితే మా టీటీకీ టికెట్టు దొరికీసిందన్నమాట!" అని దాని చెవులు పట్టుకుని ఊపింది.

తీరా వెళ్లాక గేటు దగ్గర కాపలాదారు కుక్కతో కుదరదన్నాడు. కుక్క వాసనకు చిరుతలు వస్తాయట. ముందే అడిగి ఉంటే చెప్పేవాళ్లం కదా అన్నాడు. పద్మ జీపులో ఉంది, వినలేదు. వాళ్లు మాట మార్చారని ఆమెతో చెప్పాను. వెళ్లిపోదామంది. గేటు దాకా వచ్చి వెనుదిరగడమా? నేను ఒప్పుకోలేదు. గేటు బయటి టీకొట్టు వసారాలో టీటీని కట్టమన్నాను. మెడ ఒరుసుకుంటుందని పద్మ కాస్త వదులుగా ముడి వేసింది.

తెల్లవారి చూస్తే తాడొక్కటే ఉంది. పద్మ గొంతు పోయేదాకా పిలుస్తూ తిరిగాం. చివరికి ఆ తాడు చేతిలో పట్టుకుని నా వైపు చూసింది. అప్పుడు నేనన్నాను: "ముడి గట్టిగా వెయ్యాల్సింది."

ఎందుకన్నాను? నన్ను నిలదీస్తుందని భయపడ్డానా? ఆమె నిలదీయదు. నా మాటను ఎన్నడూ అనుమానించని మనిషి అని తెలిసే, ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని, నా తప్పును ఆమె చేతిలో పెట్టేశాను.

అప్పటి నుంచి పద్మ ప్రతిదానికీ రెండు ముళ్లు వేస్తుంది. ఊరగాయ జాడీ వాసెనకు, నా టిఫిను డబ్బా గుడ్డకు. రోజూ ఆఫీసులో మొదటి ముడి తేలిగ్గానే విప్పుతాను. రెండోది విప్పుతుంటే ఆకలి చచ్చిపోతుంది.

ఇంతవరకు రాశాక ఒకటి తట్టింది. పద్మ చదువంతా హిందీలో సాగింది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. అందుకేనా ఇది తెలుగులో రాశాను? ఒప్పుకుంటూ కూడా దాక్కున్నానా?

అయితే నేనే చదివి వినిపించాలి. విని ఏమంటుందో తెలియదు. ఏమన్నా సరే. ఇక్కడిదాకా రాసినందుకే ఊపిరి కాస్త ఆడుతోంది.

వంటింట్లో డబ్బాకు గుడ్డ కడుతోంది. "పద్మా" అని పిలిచాను.

"ఏటండీ?" అంటూ వస్తోంది.