కాగితంతో పాటు ఊడింది

మా పెదనాన్న రేడియో స్టేషన్లో సీడీల గది చూసుకునేవాడు. సీడీని అంచు పట్టుకునే ఎత్తాలని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. చివరికి ఇంట్లో మా చేతిలో పళ్లెం ఉన్నా అదే మాట. అందుకే పిల్లలం ఆయనకు ‘అంచు పెదనాన్న’ అని పేరు పెట్టాం.

స్టేషన్లో కావలసినవి కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాక మిగతా సీడీలన్నీ చెత్తకు పోయాయి. ఆయన అడిగి ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాడు. పెద్దమ్మ ఒకప్పుడు అక్కడ పాడిన నాలుగు పాటలు అందులో ఉన్నాయి. గొంతు ఆపరేషన్ తర్వాత పెద్దమ్మకు మాట పోయింది. రోజూ సాయంత్రం ఆయన ఆ సీడీ పెడితే, ఆవిడ కళ్లు మూసుకుని పెదవులు కదిపేది.

ఈ కాలంలో కూడా సీడీలేమిటని నేను ఎగతాళి చేసేదాన్ని. లోకంలోని పాటలన్నీ నా ఫోన్లో ఉన్నాయని గొప్పలు పోయేదాన్ని.

“మీ పెద్దమ్మ పాట లేదుగా. దీన్ని కూడా అందులోకి ఎక్కించి పెట్టమ్మా” అని ఆయన ఏడాదిగా అడుగుతున్నాడు. ఇదిగో అదిగో అంటూ దాటేశాను. చేస్తే పది నిమిషాల పని.

చివరికి ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వెళ్లాను. పెదనాన్న వంటింట్లో టీ పెడుతున్నాడు. సీడీ మీద అంటించిన పేరు కాగితం ఒకవైపు లేచి ఉంది. లోపల ఇరుక్కుంటుందేమోనని గోటితో పట్టి లాగాను. కాగితంతో పాటు వెండి పొర కూడా ఊడి వచ్చింది. ఊడినచోట సీడీలోంచి నా వేళ్లు కనిపించాయి.

పాట ఉండేది ఆ పొరలోనేనట. ఆయన్ని ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. అన్నీ తెలిసినదాన్ని, నేనెందుకు అడుగుతాను?

పెదనాన్న గ్లాసులు కింద పెట్టి, సీడీని వెలుతురుకు ఎత్తి చూశాడు. అప్పుడే పెద్దమ్మ వచ్చి, ఏమైందని చేత్తో అడిగింది.

“కాగితం ఊడుతోందని నేనే పీకాను. పాట పోయింది” అన్నాడాయన. “ఊరందరికీ జాగ్రత్తలు చెప్పాను గానీ, నాకే లేకపోయింది.”

పెద్దమ్మ లోపలికి వెళ్లి తలుపేసుకుంది. ఆయన నాకు గ్లాసు అందించి, చల్లారిపోతుంది తాగమన్నాడు. నా తప్పు బయటపడనందుకు ముందు నాకు కలిగింది సంతోషమే. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

నెల రోజులు ఆవిడ ఆయన వైపు తిరిగి చూడలేదు. నేను ప్రతి ఆదివారం వెళ్లి, ఇద్దరి మధ్యా కూర్చుని, టీ తాగి వచ్చాను.