చెరిపేసిన పెన్సిల్ టిక్కు

నీలం అట్ట చర్చి పాటల పుస్తకం అరలోనే ఉంది. ఆమె దాన్ని అందుకుని, నిలుచునే పేజీలు చివరిదాకా తిప్పింది. తర్వాత కుర్చీలో కూర్చుని ఒక్కొక్క పేజీ చూసింది. పుస్తకం దొరికిందన్న సంతోషంతో నేను పక్కనే ఉన్నాను.

“అంకుల్, ఇందులో పెన్సిల్ రాతలుండాలి.”

“చెరిపేశానమ్మా.”

“మీరా?”

“నేనే.”

మేముండే మౌంట్ రాస్కిల్ పేటలో మా గరాజ్ నుంచి నేనూ నా భార్యా పాత పుస్తకాలు ఉచితంగా పంచేవాళ్ళం. శనివారం పొద్దున తలుపు ఎత్తేవాళ్ళం. ఎవరైనా ఇవ్వచ్చు, ఎవరైనా తీసుకెళ్ళచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. మొదట్లో ఈ దేశంలోనే పుట్టి పెరిగిన ఒక కివీ పెద్దావిడ తీసుకెళ్ళిన నవలను వెనక్కి తెచ్చి, అంచుల్లో ఎవరివో రాతలున్నాయని, చదువుతుంటే వాళ్ళింట్లోకి తొంగిచూసినట్టుందని చెప్పింది. అప్పట్నుంచి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ రబ్బరుతో శుభ్రం చేసేవాణ్ణి. పత్రికాఫీసులో ఇన్నేళ్ళు ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి. ఆ పని నాకు విశ్రాంతిగానే ఉండేది.

పాటల పుస్తకం కోసం వచ్చిన ఈమె వృద్ధులుండే రెస్ట్ హోమ్‌లో నర్సు. తెనాలి దగ్గరివాళ్ళు. ఆమె దగ్గరే ఉంటున్న తల్లి ఆ నెలలోనే పోయింది. ఈమె డ్యూటీలో ఉండగా భర్త ఆ గది సర్ది, పుస్తకాల పెట్టె మాకిచ్చాడు. ఏ పాట ఎవరింటి ప్రార్థనలో పాడారో తల్లి దాని పక్కన రాసుకునేదట. ఒక్కదానికి మాత్రం ఏమీ రాయకుండా టిక్కు పెట్టి, తన జ్ఞాపకార్థ కూడికలో అది పాడమందట.

“ఏ పాటో చూడవే అంది అమ్మ. చూస్తాలే, డ్యూటీకి టైమైపోతోంది అన్నాను,” అందామె. “కూడిక రేపే అంకుల్.”

ఆ పొద్దున ఆమె ఫోన్ చేసినప్పుడు, “మా దగ్గర తెలుగు పుస్తకం ఎక్కడికి పోతుందమ్మా, అడిగేవాళ్ళుంటేగా” అని నవ్విన నా భార్య, టీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

“చదవకుండా చెరిపారా?”

“చదివే చెరిపాను. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు. ఎవరికి కావాల్లే అనుకున్నాను.”

పుస్తకాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాం. ఆ తల్లి ఒత్తి రాసే మనిషి. కాగితంలో పడిన గాట్లను బట్టి ‘వేమూరు’ చదవగలిగాం. ‘చిన్నక్క గృహప్రవేశం’ కూడా. అవి ఒక్కొక్కటి బయటపడుతుంటే ఆమె ముఖం తేటపడింది. నాకూ ఆశ పుట్టింది. కానీ టిక్కంటే ఒక్క గీత. మూడుచోట్ల ఏదో సన్నని నొక్కులాంటిది కనబడింది. కాగితం ముడత కూడా కావచ్చు.

“ఇదా? ఇదా అంకుల్?”

“చెప్పలేనమ్మా.”

“ఆవిడ స్నేహితుల్ని అడక్కపోయావా?” అంది నా భార్య.

“అడిగాను ఆంటీ. మీ అమ్మకి అన్ని పాటలూ ఇష్టమే అంటున్నారు.”

పుస్తకం చేతిసంచిలో పెట్టుకుని వెళ్ళేటప్పుడు ఆమె నాకు థాంక్స్ చెప్పింది. నేను గరాజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను.

మర్నాడు కూడికకు మేమిద్దరం వెళ్ళాం. అందరికీ నోటికి వచ్చిన పాటొకటి పాడారు. ఆమె పుస్తకం తెరవలేదు.

ఆ తల్లి టిక్కు పెట్టింది ఏ పాటకో ఇప్పటికీ తెలియలేదు.