దండం పెట్టే చెట్టుకు బోరు నీళ్లు

నా చిన్నప్పుడు, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, నేను చేసిన ఒక పని మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. ఇప్పుడు ఇంట్లో పిల్లలందరికీ నేనే పెద్దక్కను. అబద్ధం ఆడొద్దని వాళ్లకు చెప్పబోయిన ప్రతిసారీ ఆ ఎండాకాలం గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

మాది తిరుమలగిరి దగ్గర ఊరు. పక్కింట్లో కిరాయికి ఉండే అక్క దవాఖానలో నర్సు. ఆమె పట్నం నుంచి ఒక కుండీ మొక్క తెచ్చుకుంది. పువ్వూ లేదు, కాయా లేదు, దాని అందమంతా ఆకుల్లోనే. పైన కుంచెతో గీసినట్టు చారలు, అడుగున వంకాయ రంగు. పొద్దుగూకగానే ఆకులన్నీ పైకి లేచి దగ్గరికి ముడుచుకునేవి. మా అవ్వ దానికి దండం పెట్టే చెట్టు అని పేరు పెట్టింది. అసలు పేరు అక్క రెండు మూడుసార్లు చెప్పింది గానీ మా ఎవరి నోరూ తిరగలేదు.

ఆ వేసవిలో అక్కకు నెల రోజుల ట్రైనింగ్ పడింది. ఆమె ఉండే రేకుల గది మధ్యాహ్నానికి పొయ్యిలా కాలేది. అందుకని మొక్కను మా పెంకుటింట్లో, అవ్వ పడుకునే గదిలో పెట్టింది. దానికి ఎండ పడదు, వడగాలి అసలే పడదు, ఎప్పుడూ తేమ ఉండాలట. కుండీ కింద పళ్లెంలో గులకరాళ్లు పోసి నీళ్లు నింపాలి, తడి గుడ్డతో ఆకులు తుడవాలి. ఇవన్నీ నాకు చేసి చూపించి, చివర్లో ఒకటికి రెండుసార్లు చెప్పింది. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, ఫిల్టర్ నీళ్లే పోయాలి, మన బోరు నీళ్లకు దీని ఆకులు మాడిపోతాయి అని.

ఫిల్టర్ నీళ్లు తేవడం ఎలాగూ నా పనే. మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి తాగి తాగి అవ్వ మోకాళ్లు వంకరపోయాయి, మెడ తిరగదు. ఇక ఆ నీళ్లు ముట్టొద్దని డాక్టరు చెప్పాడు. నాయిన మేస్త్రీ పనికి, అమ్మ కూలికి పోయాక, నేను సైకిల్ మీద డబ్బా పెట్టుకుని ఊరి చివర ఫిల్టర్ కాడికి పోయి నీళ్లు తేవాలి. అవి అవ్వ కుండకు, ఇప్పుడు చెట్టుకు కూడా.

మొదటి వారం బుద్ధిగానే తెచ్చాను. ఆ తర్వాత దోస్తు వాళ్లింట్లో మధ్యాహ్నం వచ్చే ఒక టీవీ సీరియల్ మరిగాను. ఫిల్టర్ కాడ లైను కడితే అది కాస్తా అయిపోయేది. ఒకరోజు డబ్బాను మా వీధి బోరు నల్లా కింద పెట్టాను. నిండాక చూస్తే ఏ తేడా లేదు. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడూ అదే చేశాను. అలా మూడు వారాలు గడిచాయి.

ఆకుల కొసలు ముందు పసుపుపచ్చగా తిరిగాయి, ఆ తర్వాత కాగితం మాడినట్టు అయ్యాయి. నాకు భయం వేసింది. అయినా నీళ్లు మార్చలేదు, ఆకులను మాత్రం పూటకు రెండుసార్లు తుడిచాను. తప్పు చేసినవాళ్లకు తుడవడం మీద శ్రద్ధ ఎక్కువ.

అక్క తిరిగొచ్చింది. పళ్లెం చూసింది, కిటికీ చూసింది, మట్టిలో వేలు పెట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నేను తేలు కుట్టిన దొంగలా గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇక మిగిలింది నీళ్లేనని ఆమె లోపలికి పోయింది. అవ్వ కుండలోంచి గ్లాసెడు నీళ్లు ముంచి, ఒక గుక్క తాగి, గ్లాసు నా చేతికిచ్చింది. నేనూ తాగాను. ఉప్పగా తగిలాయి.

"చెట్టు సంగతి తర్వాత. ముందుగాల పోయి అవ్వకు చెప్పు," అంది మెల్లగా.

అప్పటిదాకా నా భయమంతా చెట్టు గురించే. అవే నీళ్లు అవ్వ కూడా తాగుతోందన్న ఆలోచన నాకు రానే లేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

అవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. ఏడుస్తూ చెప్పాను, తెచ్చినవి బోరు నీళ్లని.

"ఎరికే బిడ్డా. మొదటి దినమే ఎరికైంది. పుట్టినకాంచి తాగిన నీళ్లు, నాలికకు తెల్వదా? గంత ఎండల లైన్ల నిలవడలేక తెచ్చినవనుకున్న. మీ నాయినకు చెప్తే కొడ్తడని ఊకున్న. జర ఏడుపు ఆపు."

నాకు దెబ్బలు పడకూడదని ఆమె మూడు వారాలు ఆ నీళ్లు తాగింది. నేను పోయింది సీరియల్ చూడటానికి అవ్వా అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఆమె నా తల నిమురుతోంది. చెబితే ఆ చెయ్యి తీసేస్తుందేమోనని చెప్పలేదు.

అక్క కత్తెర తెచ్చి మాడిన అంచులు కత్తిరించింది. అవి మళ్లీ పచ్చబడవని, కొత్త ఆకు మాత్రం మంచిగా వస్తుందని చెప్పింది. వానలు పడ్డాక వచ్చింది కూడా. నేను ఆ మర్నాటి నుంచి ఒక్క రోజు తప్పకుండా ఫిల్టర్ కాడ లైనులో నిలబడ్డాను. అక్కడ చల్లటి వేప నీడ ఉంటుంది. కాళ్లు సాగక అవ్వ ఎన్నడూ అంత దూరం రాలేదు, ఆమెకు ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు నా తప్పుకు ఎదుటివాళ్లే జాలిపడి ఒక సాకు వెతికిపెడితే నేను తీసుకోను. తిట్లు పడినా సరే, అసలు సంగతి చెప్పేస్తాను. ఇప్పుడు ఎన్ని నిజాలు చెప్పినా, ఆ ఒక్కటి మాత్రం చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. పాపం పిల్ల ఎండకు ఓర్చుకోలేకపోయిందనుకుంటూనే మా అవ్వ పోయింది.