మావయ్య కుడిచెయ్యి, నా సైకాలజీ

మా మావయ్య, అంటే మా అమ్మకి చిన్న తమ్ముడు, పెడనలో కలంకారీ అద్దకం పనివాడు. రంగులో ముంచిన చెక్క అచ్చుని బట్ట మీద ఆనించి, అరచేతి మొదలుతో దాని వీపు మీద ఒక్క గుద్దు గుద్దుతాడు. పద్నాలుగో ఏట నుంచీ రోజంతా అదే పని.

నేనప్పుడు బందరులో ఓ ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, దూరవిద్యలో సైకాలజీ ఎమ్మే కట్టాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. శనివారం గుడివాడలో అమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆదివారం పాసింజరులో తిరిగి వస్తూ పెడనలో దిగి, మావయ్య ఇంట్లో భోంచేసి, సాయంత్రం బస్సెక్కేదాన్ని.

చిన్నప్పటి గాయాలు మనసు అడుగున దాక్కుంటాయని, పెద్దయ్యాక ఒంట్లో జబ్బులై బయటపడతాయని చెప్పే సైకోడైనమిక్ పాఠం ఆ ఏడే చదివాను. చదవడమేమిటి, పూనకమే వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరు తాళంచెవులు మర్చిపోయినా లోపలి కారణం నేనే చెప్పేదాన్ని. హెడ్‌మిస్ట్రెస్ గారికొచ్చిన కలకి అర్థం చెప్పి చీవాట్లు కూడా తిన్నాను.

సరిగ్గా అప్పుడే మావయ్య కుడిచెయ్యి మొద్దుబారడం మొదలైంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు తిమ్మిరెక్కేవి. అచ్చు జారి బట్ట పాడయ్యేది. "చిటికెన వేలు మాత్రం బానే ఉందే," అన్నాడు. ఆ మాట నేను చెవిన పెట్టలేదు. అత్తయ్య డాక్టరు దగ్గరికి వెళ్దామంటే నేనే అడ్డుపడ్డాను.

"మందులతో తగ్గేది కాదత్తయ్యా, మాట్లాడాలి," అన్నాను. ఎంత ధీమా! ఇప్పుడు తలుచుకుంటే ఆ పిల్ల చెవి మెలిపెట్టాలనిపిస్తుంది.

ఆదివారం భోజనాలయ్యాక మావయ్య మడతమంచం మీద వాలేవాడు. నేను ఆయనకి కనపడకుండా తలవైపు కుర్చీ వేసుకునేదాన్ని. పుస్తకంలో అలాగే ఉంది మరి. "గోడతో మాట్లాడుతున్నట్టుందే," అని నవ్వేవాడు. మూడో వారం నాకు కావలసింది దొరికింది. చిన్నప్పుడు ఆయనకి కూచిపూడి వెళ్ళి మృదంగం నేర్చుకోవాలని ఉండేదట. చెప్పకుండా వెళ్తే తాతయ్య వెతికి పట్టుకొచ్చాడట. కుడి అరచేతి మీద అచ్చుతోనే కొట్టి, మర్నాడు అద్దకం బల్ల దగ్గర పనికి నిలబెట్టాడట.

ఇంకేం కావాలి నాకు! నాన్న మీద దాచుకున్న కోపమే ఇన్నేళ్ళకి ఆ చేత పని మాన్పిస్తోందని తేల్చేశాను.

"మా నాన్న మీద నాకు కోపమేంటే?" అన్నాడు మావయ్య.

ఆ కాదనడమే రుజువన్నాను. ఔనంటే ఔను, కాదంటే మరీ ఔను. నేను ఓడిపోయే దారే లేదు. ఎటు తిప్పినా తప్పని తేలని మాటని ముందు అనుమానించాలని నాకప్పుడు తట్టలేదు. మావయ్య నా చదువు మీద గౌరవంతో ఐదు నెలలు ఆగాడు.

ఓ ఉదయం ఆయన చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాడు. బొటనవేలి మొదట్లో కండ పల్చబడి ఉంది. అత్తయ్య నన్నడక్కుండా బందరు తీసుకొచ్చింది. కబురు తెలిసి నేను స్కూలు నుంచి పరిగెత్తాను. డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "చిటికెన వేలు బాగుందా?" అని. ముప్ఫై ఏళ్ళు గుద్ది గుద్ది మణికట్టులో నరం నలిగిపోయింది. చిటికెన వేలికి వెళ్ళే నరం వేరట.

"ఆపరేషన్‌తో తిమ్మిరి తగ్గుతుంది. కాస్త ముందు తీసుకురావాల్సిందండీ. బొటనవేలికి పాత పట్టు పూర్తిగా రాకపోవచ్చు," అన్నారు.

అత్తయ్య నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత రెండు ఆదివారాలు నేను పెడనలో దిగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మూడో వారం మావయ్యే బూత్ నుంచి స్కూలుకి ఫోను చేశాడు. "ఏమే, రావట్లేదేం?"

వెళ్ళాను. ఆపరేషనై కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. క్షమించమంటూ ఏడ్చేశాను.

"చేతి సంగతి డాక్టరు చూశాడుగా, వదిలెయ్. మా నాన్న గురించి సగమే విని ఆపేశావు నువ్వు. కూర్చో."

అన్నేళ్ళలో ఆయన్ని కూర్చోబెట్టి చిన్నప్పుడేం జరిగిందని అడిగినవాళ్ళు లేరు. ఆ పాఠం చదవకపోతే నేనూ అడిగేదాన్ని కాదు. అందుకే దాన్ని ఇప్పటికీ పూర్తిగా తిట్టలేను.

దెబ్బలు తిన్న రోజు అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడట. కాసేపటికి తాతయ్య వచ్చి పక్కన కూర్చుని, ఆ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, వాచిన చోట కొబ్బరినూనె రాశాడట. చాలాసేపు రాశాడట. ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు కూడా వినిపించిందట.

"నిద్రపోతున్నట్టు నటించానే. ఆయన పోయేదాకా ఆ ఊసే ఎత్తలా. మీ అత్తయ్యక్కూడా చెప్పలా," అన్నాడు మావయ్య. "ఒక్కసారి కళ్ళు తెరిచుంటే సరిపోయేది."

దానికి నా సైకాలజీ పుస్తకంలో ఉన్న పేరొకటి నోటిదాకా వచ్చింది. మింగేసి, ఆయన బాగున్న చేతిని పట్టుకున్నాను.